షష్టిపూర్తికి కొన్న పన్నెండు ఉలుల సెట్: నా అనుభవం

మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. అప్పటి నుంచి కూరగాయల చాకు పట్టుకుని చెక్క ముక్కల మీద ఏవో చెక్కుతూ కూర్చుంటారు. చిన్నప్పుడు బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ల ముంగిట నిలబడి గంటలకొద్దీ చూసేవారట. అక్కడ ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. ఆ పొట్టు వాసన ఇప్పటికీ గుర్తుందంటారు.

అందుకే షష్టిపూర్తికి పట్టుపంచెతో పాటు ఆన్‌లైన్‌లో ఒక ఉడ్ కార్వింగ్ సెట్ కొన్నాను. 749 రూపాయలకు పన్నెండు ఉలులు, చెక్క పిడులు, చుట్టి పెట్టుకోవడానికి గుడ్డ సంచి. ఫొటోలో ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను. కంపెనీ పేరు ఎందుకులెండి, అలాంటివి ఇరవై పేర్లతో అమ్ముతున్నారు.

నాన్న మొదటి రోజే టేకు ముక్క ఒకటి తెచ్చుకుని కూర్చున్నారు. అరగంటలో ‘వి’ ఆకారం ఉలి అంచు కాగితం చివరలా పక్కకి మడత పడింది. ఇంకోదానికి పిడి మీది పొన్ను, అంటే పిడి చీలకుండా బిగించే లోహపు కట్టు, ఊడి ఒళ్లో పడింది. నేను అడిగితే "బాగానే ఉందమ్మా" అన్నారు. నేను కొన్నది కదా, ఇంకేమంటారు! అమ్మ మాత్రం ఊరుకోలేదు: "పన్నెండున్నాయి, ఒక్కటీ తెగదు."

పక్కింట్లో తలుపులు బిగిస్తున్న వడ్రంగి మేస్త్రికి సెట్ పట్టుకెళ్లి చూపించాను. ఆయన మాట్లాడకుండా సంచిలోంచి ఆకురాయి తీసి ఒక ఉలి అంచు మీద మెల్లగా ఆనించి లాగారు. కర్రమని కొరికి, తెల్లటి గీత పడింది. తర్వాత తన ఉలి మీద అలాగే లాగితే ఆకురాయి గాజు మీద జారినట్టు జారిపోయింది. "ఏటమ్మా, దీనికి నీరు సరిగా పెట్టలేదు, మెత్తటి ఇనుము" అన్నారు. నీరు పెట్టడమంటే కాల్చి ముంచి గట్టిపరచడం. తన ఉలిని లారీ కమాను పట్టీతో కమ్మరి చేత కొట్టించుకున్నారట.

తప్పంతా సెట్‌దే అనను. టేకులో సిలికా ఉంటుంది, మంచి ఉలి పదును కూడా తొందరగా పోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అది చెక్క కాదు, పరీక్ష. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర మెత్తగా, సమంగా తెగుతుంది. మేస్త్రి తెలిసినవాళ్ల దగ్గర రెండు చిన్న దిమ్మలు ఇప్పించారు.

రెండోసారి పన్నెండు కొనలేదు. గంటస్తంభం దగ్గర ఇనప సామాన్ల కొట్లు తిరిగాను. అక్కడ వడ్రంగి ఉలులే తప్ప చెక్కడానికి వంపు ఉలి దొరకలేదు. చివరికి ఆన్‌లైన్‌లోనే విడిగా తెప్పించాను: పొట్టి అలుగున్న కార్బన్ స్టీలు చాకు 650, వంపు ఉలి ఒకటి 520. వంపు ఉలులకు రెండు అంకెలుంటాయని అప్పుడే తెలిసింది. ఒకటి వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది వంపు: 3 అంటే ఇంచుమించు చదును, 9 అంటే అర్ధచంద్రం. నేను 7 వంపు, 10 మిల్లీమీటర్లది తీసుకున్నాను. కొట్లో రెండు వైపుల సానరాయి 180 రూపాయలకు దొరికింది. మిగతాది ఇంట్లోనే అయింది: నూరాక అంచు మెరుగుపెట్టడానికి నాన్న పాత తోలు బెల్టుని పలక మీద మేకులు కొట్టి బిగించి, ఆకుపచ్చ పాలిష్ ముద్ద రాశాం. ఉలిని దాని మీద వెనక్కి లాగాలి, ముందుకి తోస్తే తోలే తెగుతుంది.

నూరడం నాన్నకి చెక్కడం కంటే ఎక్కువ నచ్చింది. ఇప్పుడు పొద్దున్నే కాఫీ తాగి అదే పని. ముంజేతి వెంట్రుకలు గీకి చూసి, "ఆ, వచ్చింది" అంటారు. ఎడమ చేతికి తెగని గ్లవ్ కొనిస్తే మొదట వద్దన్నారు. బొటనవేలికి ఒకసారి కట్టు పడ్డాక వేసుకుంటున్నారు. కార్బన్ స్టీలుకి తుప్పు తొందరగా పడుతుంది, మన చెమట వాతావరణంలో మరీను. పని అయ్యాక కొబ్బరినూనె చుక్క రాసి పెడుతున్నాం.

మొదటి బొమ్మ ఏనుగు. తొండం చెక్క నార వెళ్లే దిక్కుకి అడ్డంగా పడడంతో చివర్లో పుటుక్కున విరిగింది. రెండోదానికి దిమ్మని తిప్పి, తొండం నార వెంట వచ్చేలా గీసుకున్నారు. చెవులు ఇంకా దోసెల్లా ఉన్నాయి కానీ తొండం నిలబడింది.

మొదటి సెట్‌కి ఒక్క స్టార్ ఇస్తాను, అదీ గుడ్డ సంచికి. అందులోని చదును ఉలితో అమ్మ బెల్లం దిమ్మ పగలగొడుతోంది.