నాటడమా, కాపాడటమా? చెలక భూమిని మళ్లీ అడవి చేయాలంటే ఏది మేలు

రెండు మూడెకరాల రాళ్ల చెలక ఉండి, దాన్ని చెట్లతో నింపాలనుకునేవాళ్లు మొదట అడిగేది "ఏ మొక్కలు కొనాలి?" అని. నేనైతే ముందు నేలలో ఏం మిగిలి ఉందో చూడమంటాను. ఈ మాట మాకు ఆలస్యంగా తెలిసింది.

దేవరకొండ వైపు మా మేనమామకు మూడెకరాల చెలక ఉంది. చాలా ఏళ్లు బీడుగా పడి ఉంది. ఎనిమిదేళ్ల కిందట మేం చేసిన మొదటి పని, జేసీబీ పెట్టి పొదలూ మొద్దులూ పెళ్లగించడం. చదును చేసి, 3 మీటర్లకో గుంత తీసి నర్సరీ మొక్కలు పెట్టాం. రెండో ఎండాకాలం దాటేసరికి సగం కూడా బతకలేదు. ఉత్తరం గట్టు పక్కన మాత్రం బండల వల్ల జేసీబీ పోలేని పట్టీ ఒకటి మిగిలింది. దానికి ఎవరూ చుక్క నీళ్లు పోయలేదు. మేకలు రాకుండా మామయ్య ముళ్లకంప వేశారు, అంతే. ఇప్పుడు అక్కడ బిల్లుడు, మోదుగ, తునికి, పాలకొడిశ మనిషి ఎత్తు దాటాయి.

తేడా అంతా వేళ్లలో ఉంది. సంచిలో పెరిగిన మొక్క వేరు జానెడు. నరికిన చెట్టు మొద్దు కింద వేరు ఏళ్ల తరబడి బండల సందుల్లోకి దిగి ఉంటుంది, బలం దాచుకుని ఉంటుంది. అందుకే తొలకరి పడగానే పిలకలు వేస్తుంది. మోదుగ, తునికి, బిల్లుడు అయితే పక్క వేళ్ల నుంచి కూడా లేస్తాయి. ఏటా మేక కొరికేస్తుంది, లేదా అగ్గి కాల్చేస్తుంది. అందుకే మనకు అవి పొదల్లా కనిపిస్తాయి.

ఆఫ్రికాలోని నైజర్‌లో జరిగింది ఇదే. మరాడి ప్రాంతంలో మొక్కలు నాటి నాటి విసిగిన టోనీ రినాడో అనే ఆస్ట్రేలియన్, 1983లో పొలాల్లోని పొదలు నిజానికి నరికిన చెట్ల మొద్దులని గుర్తించారు. రైతులు మంచి పిలకలు ఉంచి మిగతావి కోసేయడం మొదలుపెట్టారు. అలా ఆ దేశంలో దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి లేచాయని అంచనా. 1990ల నుంచి మన వన సంరక్షణ సమితులు (అటవీ శాఖతో కలిసి అడవిని కాపాడే ఊరి సంఘాలు) పనిచేసిన అడవుల్లో కూడా పిలకలు ఏరి కాపాడటం ముఖ్యమైన పనే.

ఇక మియావాకి పద్ధతి. జపాన్ వృక్షశాస్త్రవేత్త అకీరా మియావాకి చెప్పింది చదరపు మీటరుకు మూడు మొక్కల చొప్పున, ఆ ప్రాంతపు జాతులనే కలిపి నాటమని. ఎకరానికి 12,000 మొక్కలు అవుతాయి. మొక్క 20 రూపాయలు వేసుకున్నా 2 లక్షల 40 వేలు, అదీ మట్టి పని, ఎరువు, కూలి లెక్కలోకి రాకుండా. మొక్కకు రెండు లీటర్లు పోసినా ఒక్క తడికి 5,000 లీటర్ల ట్యాంకర్లు అయిదు కావాలి. తెలంగాణ అటవీ శాఖ యాదాద్రి నమూనాలో దీన్ని ఎకరానికి సుమారు 4,000 మొక్కలకు తగ్గించిందంటే అర్థం చేసుకోవచ్చు. బడి ఆవరణ, కాలనీలో ఖాళీ జాగా, నాలుగైదు గుంటల (ఎకరానికి నలభై గుంటలు) స్థలం, పక్కనే బోరు ఉంటే మియావాకి బాగుంటుంది. రెండు మూడేళ్లలోనే నీడ, పిట్టలు వస్తాయి. వాన మీదే ఆధారపడిన చెలకకు నేను చెప్పను.

జామాయిల్ గురించి కూడా అడుగుతారు. నాలుగేళ్లకు కోత, చేతికి డబ్బు. డబ్బే కావాలంటే వేసుకోండి. కానీ అది పంట, అడవి కాదు.

మీ నేలకు ఏది సరిపోతుందో తేల్చుకోవడానికి ఖర్చు లేదు. తొలకరి పడ్డ మూడు వారాలకు పది మీటర్ల తాడు పట్టుకుని వెళ్లండి. పది బై పది అంటే ఇంచుమించు ఒక గుంట. నాలుగైదు చోట్ల అలా కొలిచి, ఒక్కో గుంటలో బతికున్న మొద్దులు లెక్కపెట్టండి. గుంటకు నాలుగు ఉంటే ఎకరానికి 160 చెట్లు కింద సిద్ధంగా ఉన్నట్టే. నా లెక్కలో అది చాలు, నాటడం అక్కర్లేదు.

అప్పుడు చేయాల్సింది, ఆకు రాలాక, వానలకు ముందు, మొద్దుకు బలమైన నిటారు పిలకలు రెండు ఉంచి మిగతావి పదునైన కత్తితో నేలకు దగ్గరగా ఏటవాలుగా కోయడం. ఒక్కటే ఉంచితే గాలికో మేకకో విరిగితే మళ్లీ మొదటికొస్తుంది, రెండోదాన్ని మరుసటేడు తీయొచ్చు. అగ్గి పాకకుండా జనవరి ఆఖరుకల్లా గట్టు వెంట మూడు మీటర్ల వెడల్పున గడ్డీ ఆకూ తీసేయాలి. మేకల వాళ్లతో గొడవ పెట్టుకోవద్దు. గడ్డి కోసుకుపొమ్మనండి. వాళ్లకు మేత దొరుకుతుంది, మీకు అగ్గి టెన్షన్ తగ్గుతుంది.

ఈ దారిలో లోటు లేదని అనను. కింద ఏ జాతి మిగిలితే అదే వస్తుంది. చింత, ఇప్ప, ఉసిరి కావాలంటే ఖాళీల్లో నాటుకోవాల్సిందే. మొదటి మూడేళ్లు చూసేవాళ్లకు అది చిట్టడవిలానే ఉంటుంది, "ఏం చేశారు?" అని అడుగుతారు.

జేసీబీ తోలిన రెండున్నర ఎకరాల్లో మాకిప్పుడు మొద్దులు లేవు, కాబట్టి నాటక తప్పదు. నర్సరీ సంచులు మానేసి గింజలే వేస్తున్నాం. వేప గింజ రాలిన రెండు మూడు వారాల్లో వేయకపోతే మొలిచే శక్తి పోతుంది, అందుకే నిరుటి గింజతో చేసిన సీడ్ బాల్స్ (గింజ పెట్టిన మట్టి ఉండలు) దండగ. జూన్, జూలైల్లో పళ్లు రాలగానే గుజ్జు కడిగి, తంగేడు పొదల మొదళ్లలో పెడుతున్నాం. మేకలు తంగేడు ముట్టవు, ఎండకు నీడా ఉంటుంది. మొన్న కొమ్మ ఒకటి పక్కకు జరిపి చూస్తే లోపల నాలుగు వేప మొలకలు ఉన్నాయి. వాటిలో ఒకటి మేం పెట్టిన చోట లేదు. ఏ పిట్టో వేసి ఉంటుంది.