షిఫ్టు డ్యూటీల నిద్రకు ఏ ఉపవాసం మేలు: 8–4, 12–8, ఒక్కపొద్దు, లేక 10 గంటల తిండి వేళ?

16 గంటలు పస్తు, 8 గంటలు తిండి. రాత్రి పదింటికి పడుకుని పొద్దున ఆరింటికి లేచేవాళ్ళకు ఈ లెక్క బాగానే కుదురుతుంది. ఈ వారం ఏ షిఫ్టు (పొద్దున 6–2), పై వారం సీ షిఫ్టు (రాత్రి 10–6) చేసేవాళ్ళూ, హైదరాబాదులో కూర్చుని అమెరికా వేళలకు పనిచేసేవాళ్ళూ దాన్నే పట్టుకుంటే రెండు వారాలు తిరిగేసరికి నిద్రా చెడుతుంది, ఉపవాసమూ చెడుతుంది. కాబట్టి ఎన్ని గంటలు పస్తుండాలన్నది తర్వాత. ఏ వేళల్లో తినకూడదన్నది ముందు తేల్చుకోవాలి.

ఎందుకంటే ఒంట్లో గడియారం ఒక్కటి కాదు. మెదడులోని గడియారం వెలుతురును చూసి నడుస్తుంది. కాలేయం, క్లోమం, పేగుల గడియారాలు చాలావరకు తిండి వేళను చూసి నడుస్తాయి. చీకటి పడ్డాక నిద్ర హార్మోను మెలటోనిన్ పెరిగేకొద్దీ క్లోమం ఇన్సులిన్ విడుదలను తగ్గించుకుంటుంది. అందుకే మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న అన్నమే రాత్రి ఒంటిగంటకు తింటే షుగర్ ఎక్కువ పెరుగుతుంది. 2021లో అమెరికాలో 19 మందిని ప్రయోగశాలలో ఉంచి రాత్రి డ్యూటీలాంటి వేళలు పాటింపజేశారు. రాత్రి కూడా తిన్నవాళ్ళ గ్లూకోజు సగటున 6.4 శాతం పెరిగింది. పగలు మాత్రమే తిన్నవాళ్ళలో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. చిన్న ప్రయోగమే, కానీ షిఫ్టు మనుషుల ప్రశ్నకు ఇంత నేరుగా జవాబిచ్చేవి అరుదు.

పొద్దున 8 నుంచి సాయంత్రం 4 దాకా

కాగితం మీద ఇదే అన్నిటికన్నా మేలు. 2018లో మధుమేహం అంచున ఉన్న 8 మంది మగవాళ్ళ మీద చేసిన పరిశోధనలో, మధ్యాహ్నం మూడు లోపే ఆఖరి భోజనం ముగించినప్పుడు బరువు తగ్గకపోయినా ఇన్సులిన్ పనితీరు, రక్తపోటు మెరుగుపడ్డాయి. పొద్దువాలాక ముద్ద ముట్టని జైనుల అలవాటు కూడా దీనికి దగ్గరదే.

చిక్కు ఎక్కడంటే, సాయంత్రం నాలుగింటికి తినడం ఆపి రాత్రి ఒంటిగంటకు పడుకునే మనిషి 9 గంటల ఖాళీ కడుపుతో పక్క ఎక్కుతాడు. నిద్ర పట్టదు, పట్టినా తెల్లవారుజామున ఆకలికి తెలివొస్తుంది. నిద్ర తగ్గితే ఆకలి ఇంకా పెరుగుతుంది. 2004 నాటి ఒక ప్రయోగంలో 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. ఆ మర్నాడు ఉపవాసం నిలబడుతుందనుకోవడం అత్యాశ. రాత్రి పదిన్నర లోపు పడుకునేవాళ్ళు, ఏ షిఫ్టు మాత్రమే చేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ దీని జోలికి పోనక్కర్లేదు.

మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 దాకా

అందరూ చేసేది ఇదే, పొద్దుటి టిఫిను మానేస్తే చాలు కదా అని. బరువు కోసమే అయితే ఆశలు తగ్గించుకోవాలి. 2020లో అమెరికాలో 116 మందిమీద 12 వారాలు చేసి చూస్తే, మూడు పూటలా తిన్నవాళ్ళకూ వీళ్ళకూ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా తగ్గిన బరువులో కండ వాటా ఎక్కువగా ఉండటం పరిశోధకులను కలవరపెట్టింది.

అయినా ఒక్క గంట జరుపుకుంటే అమెరికా వేళల ఉద్యోగులకు ఇది అతికినట్టు సరిపోతుంది. డ్యూటీ సాయంత్రం 6:30 నుంచి 3:30 దాకా అనుకుందాం. క్యాబు దిగి పడుకునేసరికి ఐదవుతుంది, లేచేసరికి పన్నెండు. ఒంటిగంటకు భోజనం, ఐదున్నరకు ఇంట్లోనే రెండో భోజనం, రాత్రి తొమ్మిదికి ఆఫీసులో డబ్బా విప్పి తేలికపాటి ఆఖరి తిండి. అక్కడితో 8 గంటలు అయిపోతాయి. మార్చాల్సింది ఒక్కటే: అర్ధరాత్రి బ్రేకులో తినే అలవాటును తొమ్మిదింటి బ్రేకుకు జరపడం. అర్ధరాత్రి బిర్యానీ తిన్నవాడికి రెండింటికి కళ్ళు మూతలు పడటంలో వింతేమీ లేదు.

రాత్రి రెండు, మూడు గంటల మధ్య వచ్చే ఆకలి చాలాసార్లు నిద్రమత్తే. ఒంటి వేడి ఆ తర్వాతి గంటల్లోనే అట్టడుగుకు చేరుతుంది, చలిగా, నీరసంగా ఉంటుంది, చేయి బిస్కెట్ల పొట్లం మీదికి పోతుంది. గ్లాసు మంచినీళ్ళు తాగి, లైటు బాగా ఉన్నచోట పది నిమిషాలు నడిస్తే సర్దుకుంటుంది. మెషీను టీ మాత్రం లెక్కలోకి వస్తుంది. పాలు, రెండు చెంచాల పంచదార పడితే ఉపవాసం విరిగినట్టే. నల్ల కాఫీతో ఉపవాసం విరగదు, నిద్ర విరుగుతుంది. పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నా గంటకు పైగా నిద్ర పోతుందని 2013 నాటి పరిశోధన చూపింది. ఐదింటికి పడుకునేవాళ్ళు పదిన్నర తర్వాత కప్పు పట్టకూడదు.

ఒక్కపొద్దు

రోజుకు ఒక్క పూట. ఏకాదశికో, శనివారానికో ఒక్కపొద్దు ఉండటం వేరు, నెలల తరబడి రోజూ ఉండటం వేరు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 65 కిలోల మనిషికి 54 గ్రాములు. మూడు గుడ్లకు 18 గ్రాములు వస్తుంది, 60 గ్రాముల పెసలతో వేసిన రెండు పెసరట్లకు సుమారు 14, పావుకిలో పెరుగుకు 8 దాకా. ఇవన్నీ ఒకే పూట కూర్చుని తిన్నా 40 దగ్గరే ఆగిపోతాం. అన్నం, పప్పు మీదే బతికేవాళ్ళకు అదీ కష్టం. పైగా అంత తిండి ఒకేసారి పడ్డాక మూడు గంటల లోపు పడుకుంటే పులితేన్పులు, గుండెలో మంట. షిఫ్టులు మారేవాళ్ళకు ఇది ఎట్లా చూసినా చెడ్డ బేరం.

10 గంటలు

షిఫ్టులు మారేవాళ్ళకు మా ఓటు దీనికే. అమెరికాలోని శాన్ డియాగోలో 24 గంటల డ్యూటీలు చేసే అగ్నిమాపక సిబ్బంది 137 మందితో 12 వారాలు నడిపిన పరిశోధనలో కొందరికి 10 గంటల తిండి వేళ ఇచ్చారు. అంత గందరగోళపు నిద్రలోనూ వాళ్ళు దాన్ని పాటించగలిగారు. కొత్త నియమానికి అసలు పరీక్ష అదే.

ఏ షిఫ్టు (6–2) వారంలో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు. బీ షిఫ్టు (2–10) వారంలో పది నుంచి ఎనిమిది. రెండో భోజనం డ్యూటీకి పోయే ముందు, మూడోది ఏడున్నర బ్రేకులో. ఇంటికొచ్చి పదకొండుకు మళ్ళీ కంచం ముందు కూర్చోవడమే ఈ వారంలో జరిగే తప్పు.

సీ షిఫ్టు (10–6) వారంలో 10 గంటల లెక్కను పక్కన పెట్టేయండి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా నీళ్ళు తప్ప ఏమీ వద్దు, నియమం అంతే. ఇంటికి రాగానే ఏడింటికి రెండు ఇడ్లీలో, చిన్న గిన్నెడు పెరుగన్నమో తిని పడుకోవాలి. ఖాళీ కడుపుతో పడుకుంటే పదింటికే తెలివొస్తుంది. లేచాక మూడింటికి అసలు భోజనం, ఎనిమిదిన్నరకు రెండోది. డ్యూటీ నుంచి వచ్చే దారిలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటే మెదడు గడియారానికి పొద్దుటెండ తగలదు. కిటికీలకు మందపాటి నల్లగుడ్డ కడితే పగటి నిద్ర నిలుస్తుంది. మే నెలలో చీకటితో పాటు కూలర్ కూడా ఉండాలి.

షిఫ్టు మారే రోజున పస్తు గంటలు పొడిగించి లెక్క సరిచేయాలని చూడొద్దు. ఆ రోజు నిద్ర ఎలాగూ తక్కువే, ఆకలి ఎక్కువే.

మొదటి వారంలో తలనొప్పి సాధారణం. నీళ్ళు తగ్గడం, టీ తగ్గడం రెండూ కారణాలే. రోజుకు రెండున్నర లీటర్ల నీళ్ళు తాగి, తినే గంటల్లో ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ తీసుకుంటే మూడు నాలుగు రోజుల్లో తగ్గుతుంది. మలబద్ధకానికి కారణం కూర తగ్గి అన్నం మిగలడమే.

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్ళు మోతాదు మార్చుకోకుండా పస్తుంటే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు వస్తే ఉపవాసం ఆపేసి మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్ళీ చూసుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలతో దీర్ఘ ఉపవాసం చేస్తే కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరగవచ్చు. ఈ రెండు రకాల మందులవాళ్ళూ డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళు, బరువు ఇప్పటికే తక్కువున్నవాళ్ళు అసలు వద్దు. థైరాయిడ్ మాత్రకు ఇబ్బందేమీ లేదు, ఎలాగూ పరగడుపునే వేసుకునేది.

అమెరికా వేళలవాళ్ళకు ఇంకొక్క మాట. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం వెనక్కి తిరిగితే ఇక్కడ 6:30 డ్యూటీ 7:30 అవుతుంది, మార్చి రెండో ఆదివారం దాకా అంతే. పడుకునే వేళ గంట జరిగినా ఆఖరి ముద్దను తొమ్మిది దగ్గరే ఉంచండి, పదికి జరపకండి.