ఒకినావాలో సైన్యం వెనక్కి తగ్గిన దారి

జపాన్‌లో ఉండే మనవాళ్ళు ఒకినావా వెళ్తున్నామంటే చురౌమి అక్వేరియం, కెరామా దీవుల్లో స్నార్కెలింగ్, ఉత్తరాన ఏదో ఒక రిసార్టు, అంతే. వద్దని అనను, ఆ సముద్రం నిజంగానే అంత బాగుంటుంది. కానీ 1945 మార్చి 26న అమెరికా సైన్యం మొదట దిగింది ఆ కెరామా దీవుల్లోనే. ఏప్రిల్ 1న ప్రధాన దీవి పడమటి తీరంలో దిగింది. జూన్ చివరికల్లా రెండు లక్షల మంది చనిపోయారు. ఒకినావా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) ప్రభుత్వం లెక్కలో అమెరికన్లు 12,520 మంది. జపాన్‌లోని మిగతా ప్రాంతాల నుంచి వచ్చిన సైనికులు దాదాపు 66 వేలు. ఒకినావాలోనే సైన్యంలోకి లాగిన మగవాళ్ళు, కుర్రాళ్ళు 28 వేలు. ఇక తుపాకీ పట్టని మామూలు జనం 94 వేలు. ఆ చివరి అంకె అంత పెద్దది ఎందుకైందో తెలుసుకుని రావాలనే మేం వెళ్ళాం.

నేను, మా ఆయన, పదో తరగతి చదివే మా అమ్మాయి. టోక్యోలో నిషికసాయ్‌లో ఉంటాం. జూన్ 23 నాటికి అక్కడ ఉండేలా టికెట్లు తీసుకున్నాం. ఆ రోజు ఒకినావా అంతటా సెలవు, యుద్ధంలో పోయినవాళ్ళను తలుచుకునే రోజు. వేసవి సెలవులు ఇంకా మొదలుకావు కాబట్టి విమానం, హోటలు రెండూ జూలై, ఆగస్టు కంటే బాగా చవక. వానాకాలం చివరి రోజులు, గొడుగు తప్పనిసరి.

చూడాల్సినవి చాలానే ఉన్నాయి. గైడు పుస్తకాలు ఏది దేనికి దగ్గరో చూసి కలిపేస్తాయి. నా మాట వింటే షురి, హాయెబారు, ఇహారా, మబుని, ఈ వరసలో చూడండి. జపాన్ సైన్యం వెనక్కి తగ్గిన దారి అదే. ఆ దారిలో వెళ్తేనే 94 వేలన్న అంకె అర్థమవుతుంది.

షురి కోట నహా ఊళ్ళోనే ఉంది, మోనోరైలు దిగి నడిచిపోవచ్చు. 1945లో నేలమట్టమైన కోటను 1992లో మళ్ళీ కట్టుకున్నారు, 2019 అక్టోబరు 31న అదీ కాలిపోయింది. అందుకే మేం వెళ్ళినప్పుడు అక్కడ జనమంతా చూస్తున్నది పునర్నిర్మాణం పనులనే. మేం వెళ్ళింది దాని కింద ఉన్న సొరంగం కోసం. జపాన్ 32వ సైన్యం ప్రధాన స్థావరం ఆ గుట్ట కడుపులో దాదాపు కిలోమీటరు పొడవున ఉండేది. లోపలికి పోనివ్వరు. బోర్డు చదివి, చెట్ల మధ్య మిగిలిన కాంక్రీటు చూసి రావడమే. గంట చాలు.

కథ మొదలయ్యేది మాత్రం ఇక్కడే. ఆ సైన్యాధిపతి లెఫ్టినెంట్ జనరల్ ఉషిజిమా మిత్సురు అమెరికన్లను తీరంలో అడ్డుకోలేదు. దీవి నడుమనున్న గుట్టల్లో సొరంగాలు తవ్వించుకుని కూర్చున్నాడు. గెలుస్తామని కాదు, జపాన్ ప్రధాన దీవుల మీదికి దాడి ఎన్నాళ్ళు ఆలస్యమైతే అంత మేలని. మే చివరికి షురి చేజారడం ఖాయమైంది. అక్కడితో ఆపేయవచ్చు. కానీ మే 22న దక్షిణానికి తగ్గాలని నిర్ణయించారు. అప్పటికే ఆ దక్షిణాన సున్నపురాయి గుహల్లో, సమాధుల్లో, పశువుల కొట్టాల్లో జనం వేలకు వేలు తలదాచుకుని ఉన్నారు. సైన్యం వచ్చి వాళ్ళ మధ్యలో పడింది. ఆ వెనకే అమెరికా ఫిరంగులు, ఓడల మీంచి గుళ్ళు. చోటు కోసం గుహల్లోంచి జనాన్ని బయటికి తరిమారు. పసివాళ్ళ ఏడుపు శత్రువుకు వినబడుతుందని తల్లులను బెదిరించారు. ఒకినావా భాష మాట్లాడితే గూఢచారి కింద లెక్క అని ఏప్రిల్‌లోనే ఆదేశం ఉంది.

హాయెబారులో సైనిక ఆసుపత్రి సొరంగాలు ఉండేవి. గుట్టను మనుషులు పారలతో, గునపాలతో తొలిచి చేసినవి. ఇప్పుడు 20వ నంబరు సొరంగం ఒక్కటే చూడనిస్తారు, 2007 నుంచి. ముందుగా బుక్ చేసుకోవాలి, గైడు లేకుండా పోనివ్వరు, హెల్మెట్, టార్చి వాళ్ళే ఇస్తారు. మొత్తం యాత్రలో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే. లోపల ఎత్తు మనిషంత. రెండు వైపులా గోడల మీద గునపం దెబ్బలు నిన్న కొట్టినట్టు ఉన్నాయి. కాలిన గుంజల ఆనవాళ్ళు నల్లగా కనబడతాయి. గైడు టార్చి పైకెత్తి కప్పులో చెక్కిన ఒకే ఒక అక్షరం చూపించారు. కొరియావాళ్ళ ఇంటిపేరు అది. ఆ మంచంలో పడుకున్నవాడు చెక్కుకున్నదై ఉండాలి. దక్షిణానికి తగ్గమన్న ఉత్తర్వు వచ్చాక, నడవలేని రోగులకు పాలల్లో సయనైడ్ కలిపి ఇచ్చారని గైడు ఆ చీకట్లోనే నిలబెట్టి చెప్పారు. ఆయన గొంతు పెంచలేదు, తగ్గించలేదు. చెప్పేదంతా జపనీస్‌లోనే కాబట్టి భాష రానివాళ్ళు తెలిసినవాళ్ళను వెంటబెట్టుకెళ్ళడం మంచిది. పక్కనే ఊరి సాంస్కృతిక కేంద్రంలో చిన్న ప్రదర్శన ఉంది, ముందు అది చూసి సొరంగంలోకి వెళ్ళండి.

ఆ ఆసుపత్రిలో పనిచేసింది బడిపిల్లలు. ఒకినావా మొదటి బాలికల ఉన్నత పాఠశాల, నార్మల్ స్కూలు (ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల) బాలికల విభాగం, రెండూ కలిపి 222 మంది విద్యార్థినులు, 18 మంది ఉపాధ్యాయులు. హిమెయురి విద్యార్థి దళం అంటారు. వాళ్ళ మ్యూజియం ఇహారాలో ఉంది, వాళ్ళు చివరికి దాక్కున్న గుహను ఆనుకునే. అందులో గుహల్లో దొరికిన పెన్నులు, పెన్సిలు పెట్టెలు, అన్నం డబ్బాలు ఉన్నాయి. పనికి పోతూ పాఠ్యపుస్తకాలు కూడా వెంట తీసుకెళ్ళారని అక్కడ చదివి మా అమ్మాయి ఆగిపోయింది.

"ఆసుపత్రికి పోతూ పుస్తకాలెందుకమ్మా?"

నాలుగు రోజుల్లో యుద్ధం అయిపోతుంది, మళ్ళీ క్లాసులు ఉంటాయి అనుకున్నారు. వాళ్ళకు చెప్పింది అదే. సైన్యంతో పాటు దక్షిణానికి నడిచారు, మోశారు, నీళ్ళు తెచ్చారు. జూన్ 18 రాత్రి ఉన్నట్టుండి దళాన్ని రద్దు చేశాం, ఇక మీ దారి మీరు చూసుకోండి అన్నారు. చుట్టూ అమెరికా సైన్యం, ఎక్కడికి పోతారు? మరునాడు తెల్లవారుజామున ఆ గుహ మీద దాడి జరిగింది. మొత్తం 240 మందిలో 136 మంది చనిపోతే, అందులో నూరుమందికి పైగా ఈ రద్దు ఉత్తర్వు తరవాతే పోయారు. అంతకు ముందు మూడు నెలలు గుళ్ళవానలో పనిచేసినప్పుడు పోయినవాళ్ళు ఇరవై మంది లోపే. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూశాక నాకు సైన్యాధికారుల మీద వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు.

1989లో ఈ మ్యూజియాన్ని ప్రభుత్వం కాదు, ఆ బడుల పూర్వ విద్యార్థినులు నిలబెట్టారు. బతికి బయటపడ్డ ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి వచ్చినవాళ్ళకు తామే చెప్పేవారు. వయసు మీదపడి 2015లో రోజువారీ ప్రసంగాలు ఆపేశారు. ఇప్పుడు వీడియోలు, పుస్తకాలే. ఇంగ్లీషు వివరాలు బాగున్నాయి. పిల్లల్ని తీసుకెళ్ళవచ్చా అని నన్ను చాలామంది అడిగారు. హైస్కూలు పిల్లలైతే తప్పకుండా. అంతకంటే చిన్నవాళ్ళను ఫొటోల గదిలోకి తీసుకెళ్ళకండి. అక్కడ గోడల నిండా చనిపోయిన ఆడపిల్లల ఫొటోలు, ఒక్కొక్కరి పేరు, ఎలాంటి పిల్లో రెండు మాటల్లో, ఎక్కడ ఎలా చనిపోయిందో.

అక్కడినుంచి మబుని దగ్గరే. ఉషిజిమా చివరి స్థావరం అక్కడి సముద్రపు గుట్టలో. చివరిదాకా పోరాడండని సైనికులకు ఉత్తర్వు ఇచ్చి ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. లొంగిపోమని చెప్పగలిగిన మనిషే లేకుండా పోవడంతో, ఆయన పోయిన రోజుగా లెక్కించే జూన్ 23 తరవాత కూడా జనం చనిపోతూనే ఉన్నారు. లాంఛనంగా లొంగుబాటు పత్రం మీద సంతకాలు జరిగింది సెప్టెంబరు 7న. అటుపక్క అమెరికా 10వ సైన్యానికి నాయకుడైన జనరల్ బక్నర్ కూడా జూన్ 18న ఇక్కడి దక్షిణంలోనే ఫిరంగి గుండుకు చనిపోయాడు.

మబునిలో అందరూ చూడాల్సింది శాంతి శిల. 1995లో గవర్నరు ఓతా మసహిదే హయాంలో కట్టారు. ఆయన కూడా విద్యార్థి సైనికుడిగా ఈ యుద్ధంలోంచి బతికి వచ్చినవాడే. నల్లరాతి పలకలు మడతల తెరల్లా వరసలు వరసలుగా సముద్రం వైపు సాగుతాయి. వాటి మీద 2 లక్షల 40 వేలకు పైగా పేర్లు. ఒకినావావాళ్ళవి, జపాన్ సైనికులవి, అమెరికన్లవి, బ్రిటిష్‌వాళ్ళవి, కొరియన్లవి, తైవాన్‌వాళ్ళవి, ఎవరి లిపిలో వాళ్ళవి. ఏ పక్షమన్న భేదం లేకుండా ఇలా పేర్లు చెక్కిన స్మారకం నేను ఇంకెక్కడా చూడలేదు. ఒకినావా పేర్లు ఊళ్ళవారీగా ఉంటాయి. ఒకే ఇంటిపేరు కింద పది పన్నెండు పేర్లు వరసగా కనబడితే ఇల్లంతా పోయిందని అర్థం. కొన్నిచోట్ల పేరు ఉండదు, "ఫలానావారి పెద్దకొడుకు", "ఫలానావారి బిడ్డ" అని ఉంటుంది. పేరైనా పెట్టని పసివాళ్ళు, పేరు గుర్తున్నవాళ్ళంటూ మిగలని పిల్లలు వాళ్ళు.

23న పొద్దున్నే వెళ్ళండి. మధ్యాహ్నం 12కి మౌనం, దానికి ముందూ వెనకా ప్రధానమంత్రి, అధికారులు, పోలీసు తనిఖీలు, రోడ్ల మీద ఆంక్షలు. వేకువన అయితే కుటుంబాలు మాత్రమే ఉంటాయి. ఒక ముసలావిడ సీసాలోంచి నీళ్ళు పోసి రాయిని తువాలుతో తుడిచి, మూడు పేర్ల మీద వేలితో రాసి, పొట్లం విప్పి అన్నం ముద్దలు పెట్టి, అగరొత్తి వెలిగించింది. తరవాత అక్కడే చాప మీద కూర్చుని మనవలకు తినిపించింది. మనం పెద్దల తిథికి చేసేది చూసినట్టే ఉంది. ఫొటో తీయకండి, దూరంగా నిలబడి దణ్ణం పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు.

పక్కనే ఉన్న ప్రిఫెక్చర్ శాంతి మ్యూజియానికి కనీసం రెండున్నర గంటలు ఇవ్వండి. మేం ఇచ్చింది తక్కువే అనిపించింది. బొమ్మలూ నమూనాల కంటే సాక్ష్యాల గది ముఖ్యం. పెద్ద అక్షరాల్లో బతికినవాళ్ళ మాటలు బల్లల మీద పుస్తకాలుగా పరిచి ఉంటాయి, ఇంగ్లీషులో కూడా. గుహలో జనం మీదికి తుపాకీ పట్టుకున్న జపాన్ సైనికుడి బొమ్మ ఒకటుంది. 1999లో కొత్త భవనం సిద్ధమవుతుండగా ఆ తుపాకీ తీసేయించబోయారు. విషయం బయటపడి జనం తిరగబడితే మళ్ళీ పెట్టారు. అది తెలిసి చూడండి. గుట్ట పైకి పోతే ఒక్కో ప్రిఫెక్చర్ తమ సైనికులకు కట్టించుకున్న స్మారకాలు వరసగా ఉన్నాయి. ఆ పోయినవాళ్ళకూ ఇళ్ళూ వాకిళ్ళూ ఉన్నాయి, కాదనను. కానీ సమయం తక్కువైతే నేను కిందనే ఉంటాను.

జపాన్ నౌకాదళ భూగర్భ స్థావరం తోమిగుసుకులో ఉంది. 450 మీటర్ల సొరంగంలో దాదాపు 300 మీటర్లు చూడవచ్చు. ఒక గది గోడ నిండా గ్రెనేడు ముక్కల గుంటలు, అధికారులు ఆత్మహత్య చేసుకున్న చోటది. శుభ్రంగా ఉంది, మెట్లు ఎక్కువ, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు కష్టం. ఇక్కడి నౌకాదళ అధిపతి రియర్ అడ్మిరల్ ఓతా మినోరు జూన్ 6న టోక్యోకు పంపిన తంతి కోసమైనా వెళ్ళండి. ఒకినావా జనం పడ్డ కష్టం అంతా చెప్పి, ముందుముందు వీళ్ళను ప్రత్యేకంగా చూసుకోండని కోరాడు. అయితే అక్కడ కనబడేది అధికారుల చావే. హాయెబారు, నౌకాదళ సొరంగం, రెండిట్లో ఒకటే కుదిరితే హాయెబారుకే వెళ్ళండి.

ఇక బస, ప్రయాణం. మేం నహాలో అసహిబాషి దగ్గర బిజినెస్ హోటల్లో దిగాం. బస్ టెర్మినల్, మోనోరైలు రెండూ చెంతనే. గది ఇరుకు, పని జరిగిపోతుంది. కొకుసాయ్ దోరి వీధిలో దిగితే రాత్రి గోల ఎక్కువ. ఇతోమన్ వైపు సముద్రపు రిసార్టులు దక్షిణానికి దగ్గరే గానీ కారు లేకపోతే ఇరుక్కుపోతారు. బస్సులోనైతే నహా నుంచి 89 ఎక్కి ఇతోమన్‌లో 82 మారాలి. అదే హిమెయురి, మబుని రెండిటికీ పోతుంది, కానీ గంటకొకటి అన్నట్టే. కారు అద్దెకు తీసుకోవడం మేలు. మనలాగే ఎడమ పక్కన నడపాలి. విమానాశ్రయంలో అద్దె కార్ల దగ్గరికి తీసుకెళ్ళే షటిల్ బస్సు కోసం మాకు గంట పైన పట్టింది, తిరుగు ప్రయాణంలో ఆ లెక్క వేసుకుని బయల్దేరండి.

శాకాహారులకు తిండి కష్టమే. నూడుల్స్ రసం పంది ఎముకలది, గోయా చంపురూ అనే కాకరకాయ వేపుడులో పంది మాంసమో డబ్బా మాంసమో తప్పదు. ఆ డబ్బా మాంసం కూడా అమెరికా సైన్యంతో వచ్చిందే. మాంసం లేకుండా చేయమంటే చిన్న హోటళ్ళలో విసుక్కోకుండా చేసిచ్చారు. దక్షిణాన మబుని దగ్గర ఏమీ దొరకదనుకుని పులిహోర కట్టుకెళ్ళండి.

ఇంకో రోజు ఉంటే ఉత్తరానికి. ఒమోరోమాచి స్టేషన్ దగ్గర పెద్ద దుకాణాల పక్కన నీళ్ళ ట్యాంకు ఉన్న చిన్న గుట్ట ఒకటుంది. అమెరికన్లు షుగర్ లోఫ్ అన్నది దాన్నే. మే నెలలో దాని కోసం జరిగిన వారం రోజుల పోరులో అమెరికా 6వ మెరైన్ డివిజన్‌లో 2,662 మంది చనిపోయారు లేదా గాయపడ్డారు. సంచులు పట్టుకుని పోయేవాళ్ళెవరూ తలెత్తి చూడరు. మాయెదా గుట్ట డెస్మండ్ డాస్ అనే ఆయుధం పట్టని అమెరికా వైద్య సైనికుడి వల్ల పేరుపడింది. గాయపడ్డ దాదాపు 75 మందిని కొండ అంచు మీంచి తాడుతో దించాడు. ఇప్పుడు విదేశీయులు ఎక్కువగా వచ్చేది అక్కడికే. కాకాజు గుట్ట పార్కులో జపాన్ సైన్యపు కాంక్రీటు గూడు మిగిలింది, పైన నిలబడితే ఊరి నడిబొడ్డున ఫుతెన్మా అమెరికా స్థావరం రన్‌వే కనబడుతుంది. 1972లో ఒకినావా జపాన్‌కు తిరిగొచ్చినా స్థావరాలు పోలేదు. ఓతా తంతి చదివి వచ్చినవాళ్ళకు అది వేరే చెప్పక్కర్లేదు.

యొమితాన్‌లో రెండు గుహలు చూడకుండా రావద్దు. చిబిచిరి గుహలో దాదాపు 140 మంది దాక్కుంటే, అమెరికన్లు దిగిన మరునాడు 80 మందికి పైగా తమవాళ్ళ చేతుల్లోనే చనిపోయారు. పట్టుబడితే చిత్రహింసలేనని వాళ్ళకు ఏళ్ళ తరబడి నూరిపోశారు మరి. చచ్చినవాళ్ళలో పిల్లలే ఎక్కువ. లోపలికి పోవద్దని కుటుంబాలు కోరాయి, బయటే నిలబడండి. దానికి కొద్ది దూరంలోనే షిముకు గుహ. అందులో వెయ్యి మంది దాకా ఉన్నారు. హవాయిలో పనిచేసి వచ్చిన ఇద్దరు, హిగా హెయిజి, హిగా హెయిజో, అమెరికన్లు మామూలు జనాన్ని చంపరని చెప్పి అందరినీ ఆపారు. బయటికెళ్ళి సైనికులతో ఇంగ్లీషులో మాట్లాడి వచ్చారు. అందరూ బతికారు. ఈ రెండో గుహకు చెరకు, చిలగడదుంప చేలలోంచి దారి, వాన పడితే జారుతుంది. స్థానిక గైడును మాట్లాడుకోండి, పట్టు ఉన్న బూట్లు వేసుకోండి, మనిషికో టార్చి ఉంచుకోండి.