వార్డుకు ఎవరు మేలు? నీళ్ళన్నవారా, రోడ్డన్నవారా, కాలువన్నవారా?

బెంగళూరు తూర్పున మారతహళ్ళి, హూడి, కాడుగోడి, రామమూర్తినగర్ వైపు ఉండే తెలుగువాళ్ళు ఈమధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: "కార్పొరేటర్‌కి నిలబడేవాళ్ళంతా ఒకే మాట చెబుతున్నారు, వీళ్ళలో ఎవరికి వేయాలి?" నిజానికి వాళ్ళంతా ఒకే మాట చెప్పరు. కరపత్రంలో మొదటి లైను చూడండి, రకాలు తేలిపోతాయి.

చిక్కు వేరే చోట ఉంది. బెంగళూరులో చివరిసారి వార్డు ఎన్నికలు జరిగింది 2015 ఆగస్టులో, 198 వార్డులకు. ఆ పాలకమండలి 2020 సెప్టెంబర్‌లో దిగిపోయాక నగరం అధికారుల చేతికి వెళ్ళింది. 2025 సెప్టెంబర్ 2న ఒకే నగరపాలికగా ఉన్న బీబీఎంపీ స్థానంలో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, ఆ తర్వాత వార్డులు 369 అయ్యాయి. కె.ఆర్.పురం, మహదేవపుర కలిసిన తూర్పు కార్పొరేషన్‌కు 50 దక్కాయి. ఆ మధ్యలో ఊరికి వచ్చినవాళ్ళకు కార్పొరేటర్ చేతిలో ఏముంటుందో, ఏముండదో చూసే అవకాశమే రాలేదు. అందుకే ఏ హామీ విన్నా, అది ఏ ఆఫీసు పనో ముందు చూసుకోవాలి.

"ఇంటింటికీ కావేరి నీళ్ళు" అనే అభ్యర్థి సంగతి ముందే తేల్చేద్దాం. అన్నిటికంటే ఎక్కువ ఓట్లు రాల్చేది ఈ మాటే, కార్పొరేటర్ చేతిలో అన్నిటికంటే తక్కువ ఉన్నదీ ఇదే. మంచినీళ్ళూ, యూజీడీ (భూగర్భ మురుగు పైపుల) పనీ జలమండలివి, అంటే నగర నీళ్ళ బోర్డువి. ఆ జలమండలేమో రాష్ట్ర ప్రభుత్వం కింద ఉంది. నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం 2024 అక్టోబర్‌లో మొదలైన కావేరి నీటి పథకం ఐదో దశ, రోజుకు 775 మిలియన్ లీటర్లది, ఏ వార్డు తీర్మానంతోనూ రాలేదు. ఆ ఏడాది వేసవిలో ట్యాంకర్లవాళ్ళు నోటికొచ్చిన రేటు చెబుతుంటే, ఐదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్లకు వెయ్యి రూపాయలని కట్టడి చేసింది కూడా జిల్లా యంత్రాంగమే. కాబట్టి కావేరి తెస్తానని ఊరుకునేవారిని పక్కన పెట్టొచ్చు. "పైపు పడి కూడా కనెక్షన్ తీసుకోని వీధులు ఫలానావి, అక్కడ జలమండలితో క్యాంపు పెట్టిస్తా" అని వీధి పేరుతో చెబితే మాత్రం ఆగి వినండి. వర్తూరు, బెళ్ళందూరు చెరువులు బాగుచేస్తామనే హామీదీ ఇదే దారి. ఆ రెండూ బీడీఏ (బెంగళూరు అభివృద్ధి ప్రాధికార సంస్థ) ఆధీనంలో ఉన్నాయి.

అసలు పోటీ రోడ్డు అభ్యర్థికీ కాలువ అభ్యర్థికీ మధ్యే. వార్డు లోపలి రోడ్లూ, వాటి పక్కన వాననీటి కాలువలూ కార్పొరేషన్ పనే కాబట్టి ఇద్దరి హామీలూ పరిధిలో ఉన్నవే. మరి ఎవరిది ముందు?

రోడ్డు కంటికి కనిపిస్తుంది. ఎన్నికలకు రెండు నెలల ముందు తారు పోస్తే నల్లగా నిగనిగలాడుతుంది, ఫొటోకు బాగుంటుంది. కానీ మన వీధుల్లో తారు ఎలా పోస్తారో గమనించండి. పాత తారు గీకకుండా దానిమీదే కొత్త పొర పరుస్తారు. ఒక్కో పొర 40 మిల్లీమీటర్లు అనుకుంటే నాలుగు సార్లకు 16 సెంటీమీటర్లు. ఫుట్‌పాత్ అంచు ఎత్తే మామూలుగా 15 ఉంటుంది. అంటే నాలుగోసారికి ఫుట్‌పాత్ రోడ్డులో కలిసిపోతుంది, పాత ఇళ్ళ గడప రోడ్డుకంటే కిందికి పోతుంది. అప్పటిదాకా కాలువలోకి దిగిన వాననీరు గేటు దాటి వాకిట్లోకి వస్తుంది. ఇంటివాళ్ళు గేటు ముందు సిమెంటు గట్టు కట్టుకుంటారు, ఆ గట్టుకు తగిలిన నీరు పక్కింటికి మళ్ళుతుంది. వీధి తగాదాలు సగం ఇక్కడే పుడతాయి.

ఇంకో సంగతి. తారుకు నిలవనీరు పడదు. సన్నని పగుళ్ళలోంచి దిగిన నీరు అడుగు కంకరను వదులు చేస్తుంది, పైన బరువైన బండి వెళ్ళగానే ఆ ముక్క లేచిపోతుంది. గుంత పడిందని మళ్ళీ తారు పోస్తే వచ్చే వానకు అదే చోట మళ్ళీ గుంత. ఆరు మీటర్ల వీధికి రెండున్నర శాతం వాటం (వాలు) ఇస్తే, నడుమ ఎత్తు అంచుకంటే ఏడున్నర సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. ఆ వాటం ఉన్నా, అంచుకు చేరిన నీరు దిగే జాలీ రోడ్డు మట్టం కంటే పైకి లేచి ఉంటే ఏం లాభం? తారు పోసిన వీధిలో జాలీలు చూడండి. కొన్ని తారుతో మూసుకుపోయి ఉంటాయి, కొన్ని గట్టులా పైకి తేలి ఉంటాయి. కాలువ అడుగున ఎండిపోయి, రోడ్డు మీద చెరువు కట్టడానికి కారణం చాలాసార్లు ఇదే.

అందువల్ల నా మొగ్గు కాలువ అభ్యర్థి వైపు. అయితే "కాలువలు బాగుచేస్తాం" అన్న ప్రతివారూ కాలువ అభ్యర్థి అయిపోరు. పని వరస చెప్పగలగాలి: ముందు యూజీడీ, నీళ్ళ పైపు, తర్వాత కాలువ, చివరికి రోడ్డు. ఈ వరస తప్పితే తారు ఆరకముందే జలమండలివాళ్ళు తవ్వుతారు. తవ్విన గాడిని 15–20 సెంటీమీటర్ల పొరలుగా మట్టి వేసి దిమ్మిస కొట్టాలి. ఒక్కసారిగా మట్టి నింపి పైన ప్యాచ్ వేస్తే మొదటి వానకే కుంగుతుంది. ఇంటి ముందు పొడుగ్గా గీతలాగా దిగిపోయిన రోడ్లన్నీ ఈ బాపతే.

పూడిక తీసే నెల కూడా అడగండి. బెంగళూరులో మే నెలలో ఒక ఊపు, ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా ఇంకో ఊపు వానలుంటాయి. ఏప్రిల్ లోపు ఒకసారి, జూలైలో ఒకసారి పూడిక తీయాలి. తీసిన తడి మట్టి బరువని అంచునే ఆరబెట్టి వదిలేస్తారు. దాన్ని లారీకెత్తకపోతే మొదటి వానే తిరిగి కాలువలో పోస్తుంది, బిల్లు మాత్రం పాసైపోతుంది. "తీసిన మట్టి ఎన్ని రోజుల్లో ఎత్తిస్తారు?" అన్న ప్రశ్నకు తడబడని అభ్యర్థి దొరికితే వదులుకోకండి. వాటం లెక్క కూడా అడగొచ్చు. వంద మీటర్లకు అరమీటరు దిగితే మట్టి చాలావరకు దానంతటదే కొట్టుకుపోతుంది. వాటం లేకుండా కట్టిన కాలువ, లోపల ఎంత నున్నగా పూసినా, దోమల తొట్టే.

ఇక్కడ ఓటరు స్వయంగా చేయగల పరీక్ష ఒకటుంది. ఫిబ్రవరిలోనో మార్చిలోనో, వారం రోజులు వాన లేనప్పుడు మీ వీధి వాననీటి కాలువ మీద రాయి కొద్దిగా జరిపి చూడండి. బూడిదరంగు నీళ్ళు నురగతో పారుతున్నాయా? అయితే అది వాననీరు కాదు, యూజీడీకి కలపని ఇళ్ళ మురుగు. అలాంటి వీధిలో కాలువ ఎంత వెడల్పు చేసినా కంపు పోదు. ఏ ఇళ్ళ పైపులు కలిసి ఉన్నాయో గుర్తించి జలమండలి వెంటపడటమే పని. దాన్ని ఒప్పుకునే అభ్యర్థి నిజం చెబుతున్నట్టు. కాకపోతే ఆ ఇళ్ళు కూడా ఓట్లున్న ఇళ్ళే కాబట్టి ప్రచారంలో ఎవరూ ఆ ఊసెత్తరు.

చెత్త ఎత్తివేత గురించి మాట్లాడే అభ్యర్థికి రెండో స్థానం ఇస్తాను. ఎత్తే కాంట్రాక్టులు బెంగళూరు ఘన వ్యర్థాల కంపెనీ చూసుకుంటుంది కాబట్టి టెండర్ మారుస్తామంటే నమ్మొద్దు. వార్డులో చేయగలిగింది పర్యవేక్షణ: పొద్దున్నే పౌరకార్మికుల హాజరు, చెత్త ఆటో ఏ వీధికి ఎన్నింటికి వస్తోంది, ఎన్ని రోజులు ఎగ్గొట్టింది. పీజీలు (అద్దె హాస్టళ్ళు) ఎక్కువున్న వీధుల్లో ఆటో వచ్చే వేళకు వాటిలో ఉండేవాళ్ళు నిద్రలోనో షిఫ్టులోనో ఉంటారు. రాత్రి పదకొండుకు ట్రాన్స్‌ఫార్మర్ కింద కవరు పడుతుంది, రెండో రోజుకు అక్కడొక కుప్ప. కుప్ప ఎత్తేసి ముగ్గులు వేసి, రంగులు పూసినంత మాత్రాన అది పోదు, పీజీ యజమాని డబ్బాలో చెత్త నిలవ ఉంచి ఆటోకు అప్పగించే ఏర్పాటు చేయాలి. ఆ మాట అనే ధైర్యం అభ్యర్థికి ఉందా అన్నది వేరే సంగతి. పీజీ యజమానులే కదా ప్రచారానికి భోజనాలు పెట్టేది.

అపార్ట్‌మెంట్ సంఘాల తరఫున నిలబడే స్వతంత్రులు చదువుకున్నవాళ్ళు, కాగితం పని బాగా తెలుసు. గేటు బయట ఉన్న వీధుల పేర్లు నాలుగు చెప్పమనండి, చాలు. గుడికి మైకు సెట్టు, గణేశ మండపానికి చందా ఇచ్చేవారి గురించి రాసేదేమీ లేదు.

"మనవాడే, ఇంట్లో తెలుగే మాట్లాడతాడు" అన్న కారణం బెంగళూరు తూర్పున పెద్దగా పనికిరాదు. అక్కడి పాత ఊళ్ళ రెడ్ల ఇళ్ళల్లో తరాలుగా తెలుగే కాబట్టి, మూడు ప్రధాన పార్టీలూ మనవాళ్ళనే నిలబెట్టే వీలుంది. సగం సీట్లు ఆడవాళ్ళవి. ఫ్లెక్సీ మీద ఆమె ఫొటో కింద భర్త ఫోన్ నంబర్ ఉంటే, కాలువ గురించి ఆమెనే అడగండి, ఆమె చెప్పేదే వినండి.

ఇద్దరు కాలువ అభ్యర్థులు సమంగా తూగితే వార్డు కమిటీ మాట ఎత్తండి. పాత బీబీఎంపీలో నెలలో మొదటి, మూడో శనివారాలు ఈ కమిటీ సమావేశం పెట్టాలని ఏర్పాటు ఉండేది. నోటీసు ఎక్కడ అంటిస్తారు, మినిట్స్ ఎప్పుడు ఇస్తారు, పని పూర్తయ్యాక కాంట్రాక్టర్ ఎంతకాలం మరమ్మతు బాధ్యత మోయాలో బోర్డు మీద రాయిస్తారా? ఈ మూడింటికి తేదీలతో జవాబిచ్చినవారికి వేయొచ్చు.

ఇంతా చేసి ఓటు ఇంకా నెల్లూరులోనో కర్నూలులోనో ఉంటే ఈ లెక్కలేవీ అక్కరకు రావు. వార్డు జాబితా అసెంబ్లీ ఓటర్ల జాబితా నుంచే తయారవుతుంది కాబట్టి చిరునామా మార్పుకు ఫారం 8 ముందే పెట్టాలి. ఫారం 6 ఇంతవరకు ఎక్కడా ఓటు లేనివాళ్ళకు. అది పెట్టి రెండు చోట్లా పేరు ఉంచుకోవడం నేరం. సర్పంచి ఎన్నికలకు మెజెస్టిక్ బస్టాండులో ఊరి బస్సెక్కే అలవాటున్నవాళ్ళు, ఊళ్ళో వీధి కాలువా ఇక్కడి వీధి కాలువా అన్నది ముందు తేల్చుకోవాలి.