తాబేళ్ల రాత్రి గూడు: ఆరు చలికాలాలు వాడాక

తీర్పు ముందే చెప్పేస్తే, పెరట్లో రాత్రి గడిపే తాబేళ్లకి నాలుగు వైపులా, పైనా కిందా ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా ఆపే పొర) ఉన్న చెక్క పెట్టెని మించింది లేదు. అయితే ఆరు చలికాలాల్లో చెక్క ఇబ్బంది పెట్టింది తక్కువ. తలుపు, థర్మోస్టాట్ (వేడిని చూసి హీటర్‌ని వేసి ఆపేది), ఇనుప మెష్ బిగించిన మేకులు, ఈ మూడే పదేపదే పని పెట్టాయి. గూడు కట్టుకునేవాళ్లు హీటర్ ఎన్ని వాట్లని అడుగుతారు గానీ గొళ్లెం ఎలాంటిదని అడగరు.

వాడింది ఇది: లోపల 120 × 90 సెం.మీ., ఎత్తు 60 సెం.మీ. బయట 12 మి.మీ. ప్లైవుడ్, లోపల 9 మి.మీ. ప్లైవుడ్, మధ్యలో 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ ఫోమ్ బోర్డు (వేడిని ఆపే గట్టి నురుగు పలక). కప్పు కీళ్ల మీద లేస్తుంది. 30 సెం.మీ. డిప్ప ఉన్న లెపర్డ్ తాబేళ్లు రెండింటికి సరిపోతుంది, మూడోదానికి ఇరుకు. మగవి రెండుంటే అసలు ఒకే గూట్లో పెట్టకూడదు. రాత్రంతా గుద్దుకుంటాయి, ఒకటి వెల్లకిలా పడితే తెల్లారేదాకా చూసే దిక్కుండదు.

వేడి లెక్క చాలామంది అనుకునేదానికంటే చిన్నది. ఈ కొలతల పెట్టె లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే గోడల గుండా పోయేది దాదాపు 2.5 వాట్లు. బయట 8, లోపల 26 డిగ్రీలుంటే 45 వాట్లు చాలు. ద్వారం సందుల్లోంచి పోయే గాలికి ఇంకో అంత వేసుకున్నా 90. అదే 18 మి.మీ. ప్లైవుడ్ ఒక్కటే అయితే గోడలకే 270 వాట్లు కావాలి. అందుకే ఇక్కడ 150 వాట్ల రేడియంట్ ప్యానెల్ (వెలుగు లేకుండా వేడినిచ్చే పలక) ఒకటి సరిపోయింది. అది కప్పుకి కాకుండా పక్క గోడకి, నేల నుంచి 15 సెం.మీ. ఎత్తులో, ముందు కమ్మీల అడ్డుతో ఉంది. పైనుంచి వేలాడే బల్బు పెట్టొద్దు. డిప్ప పైభాగం ఎండిపోతుంది, పెద్ద తాబేలుకి మరీ దగ్గరైతే కాలుతుంది కూడా. ఎండుగడ్డి మీద ఊడిపడితే నిప్పే. సిరామిక్ హీటర్‌కీ ఇదే మాట, దాని పైపొర 200 డిగ్రీలు దాటుతుంది.

ఇక అసలు ప్రమాదం. ఇన్సులేషన్ ఎంత బాగుంటే థర్మోస్టాట్ చెడిపోవడం అంత చేటు. థర్మోస్టాట్ లోపలి రిలే కాంటాక్టులు (కరెంటుని కలిపి విడదీసే లోహపు బిళ్లలు) అతుక్కుపోతే హీటర్ ఆగదు. తలుపు వేసి ఉన్న ఈ పెట్టెలో 150 వాట్లు ఆగకుండా వెలిగితే బయటికంటే 30 డిగ్రీలు ఎక్కువవుతుంది. బయట 20 ఉంటే లోపల 50, అందులో తాబేలు బతకదు. అందుకే రెండు థర్మోస్టాట్లు ఒకదాని వెనక ఒకటి వరసలో ఉండాలి, మొదటిది 26కి, రెండోది 31కి. మొదటిది ఇరుక్కుపోతే రెండోది ఆపుతుంది. నెలకోసారి మొదటిదాన్ని 35కి పెట్టి, రెండోది నిజంగా ఆపుతోందో లేదో చూడాలి. ఆ పూట తాబేళ్లు బయట ఉండాలి.

థర్మోస్టాట్‌కి వేడి ఎంతుందో చెప్పే సెన్సర్ వైరు ఇంకో తలనొప్పి. తాబేలు దాన్ని కాలితో లాక్కుని తలుపు దగ్గరికి ఈడ్చిందనుకోండి, అక్కడి చల్లగాలిని చూసి హీటర్ ఆగదు. డిప్ప ఎత్తులో, హీటర్‌కి ఎదురు గోడ మీద, చిల్లులున్న పీవీసీ గొట్టం ముక్కలో పెట్టి గొట్టాన్ని స్క్రూలతో బిగిస్తే ఆ బెడద పోయింది. రెండో థర్మోస్టాట్ సెన్సర్ మాత్రం హీటర్ ఉన్న వైపే ఉండాలి. కరెంటు లైనుకి, లీకేజీ ఉంటే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. వైరు పెట్టెలోకి వెళ్లే చోట ముందు కిందికి వంగి తర్వాత పైకి లేవాలి. లేకపోతే వాన నీరు వైరు వెంటే లోపలికి నడిచొస్తుంది.

తలుపు విషయానికొస్తే, కీళ్ల తలుపు పనికిరాదు. పెద్ద తాబేలు భుజం ఆనించి తోస్తూనే ఉంటుంది, స్క్రూలు వదులవుతాయి. గాడిలో పైకీ కిందికీ జారే పలక తలుపే మేలు. గాడిలో పలకకి రెండు వైపులా 3 మి.మీ. వదులు ఉంచకపోతే మొదటి వానకే ఉబ్బి ఇరుక్కుంటుంది. దించేటప్పుడు చేతిలో పట్టుకునే దించాలి, కింద కాలుండొచ్చు. మూసాక గడియ వేసి, దానికో కారాబైనర్ (స్ప్రింగు మూత ఉన్న లోహపు కొక్కెం) కూడా తగిలించాలి. ఒట్టి కొక్కేన్ని కుక్క మూతితో లేపేస్తుంది, రకూన్లు (చేతివేళ్లలాంటి పంజాలున్న అమెరికా అడవి జంతువులు) ఉండే చోట అవి గడియ కూడా తీస్తాయి.

తలుపు కంటే కంచెకి వాడే కోళ్ల జాలీ ఎక్కువమందిని ముంచుతుంది. అది కోడిని లోపల ఉంచడానికి చేసింది, కుక్కనో నక్కనో బయట ఆపడానికి కాదు. 12 మి.మీ. గళ్ల వెల్డ్ మెష్ వాడాలి, పెద్దెలుక కూడా దూరదు. చుట్టూ నేలలో 40 సెం.మీ. వెడల్పున బయటివైపుకి పరిచి మన్ను కప్పితే తవ్వే జంతువులు కంచె మొదట్లో తవ్వి, మెష్ తగిలి ఆగిపోతాయి. యూ మేకులతో బిగించిన మెష్ రెండో ఏడాదికే ఊడొచ్చింది. స్క్రూ, వెడల్పు వాషర్‌తో బిగించింది ఇప్పటికీ కదల్లేదు.

ఎలుకని చిన్నచూపు చూడొద్దు. చలికి మొద్దుబారిన తాబేలు కదల్లేదు, దాని కాళ్లూ తోకా ఎలుక తీరిగ్గా కొరికేస్తుంది. గూట్లో రాత్రి తిండి ఉంచకపోతే ఎలుకలూ చీమలూ చాలావరకు రావు. ఫోమ్ ఎక్కడా బయటికి కనబడకూడదు. కనబడితే తాబేలు కొరికి తింటుంది, ఎలుక అందులోనే కాపురం పెడుతుంది.

పెట్టెని నేల మీద ఆనిస్తే అడుగు ప్లైవుడ్ కుళ్లుతుంది. 10 సెం.మీ. ఇటుకల మీద లేపి, ఆ ఖాళీని మెష్‌తో మూసేయాలి. అడుగు మందం కలిపితే గుమ్మం ఎత్తు 17 సెం.మీ., కాబట్టి ఏటవాలు పలక కనీసం 70 సెం.మీ. పొడవుండాలి. అంతకంటే నిటారుగా ఉంటే బరువైన తాబేలు మధ్యలో తిరగబడుతుంది. పట్టుకి అడ్డంగా సన్నటి చెక్క పట్టీలు కొట్టాలి. ప్లాస్టిక్ గడ్డి వేస్తే గోళ్లు ఇరుక్కుంటాయి, దాన్నీ పీక్కు తింటాయి.

లోపల 8 సెం.మీ. కొబ్బరి పొట్టు, చేత్తో పిండితే నీరు కారనంత తడి. దేవదారు, పైన్ రంపపు పొట్టు వద్దు, ఆ నూనెల ఘాటు ఊపిరితిత్తులకి పడదు. వెచ్చగా ఉన్నంతసేపు తేమ మేలే. చలీ తేమా కలిస్తేనే ముక్కు కారడం, ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం మొదలవుతాయి. కరెంటు చాలాసేపు పోయేలా ఉంటే తడి పొట్టు తీసి పొడిది వేయాలి. గూట్లో గోడవారగా పది లీటర్ల నీళ్ల సీసాలు ఉంచితే పెట్టె నెమ్మదిగా చల్లబడుతుంది.

26 డిగ్రీలన్నది లెపర్డ్, సుల్కాటా (ఆఫ్రికాకి చెందిన బాగా పెద్ద తాబేలు) లాంటి వాటికి. హెర్మన్, గ్రీక్ తాబేళ్లు పెద్దవైతే, ఆరోగ్యంగా ఉంటే 10 డిగ్రీల రాత్రిని పొడి గూట్లో వేడి లేకుండానే దాటేస్తాయి. వాటి శీతనిద్రలో హీటర్ వేస్తే సగం మేలుకుని, తినకుండా ఒంట్లో నిల్వ కరిగించుకుంటాయి. పిల్లల్ని మాత్రం, జాతి ఏదైనా, రాత్రి బయట ఉంచొద్దు. పెరిగిన సుల్కాటాకి ఈ పెట్టె చాలదు, ఈ ప్లైవుడ్ కూడా ఆగదు.

పొద్దు వాలే వేళ తలుపు దించేముందు లెక్కపెట్టాలి. ఒకటి ఏ పొద కిందో తల దూర్చి పడుకుని ఉంటుంది, మోసుకొచ్చి లోపల పెట్టాలి.

ఇప్పటికీ సంతృప్తి లేనిది ద్వారానికి వేలాడే ప్లాస్టిక్ పట్టీల తెర. 2 మి.మీ. మందం పట్టీలు సగం సగం ఒకదాని మీద ఒకటి వచ్చేలా వేస్తే పగటిపూట వేడి బాగానే ఆగుతుంది. కానీ చలికి బిరుసెక్కి, రెండేళ్లకి కింది అంచు చీలిపోతుంది. కొత్తవి వేసినప్పుడల్లా తాబేళ్లు వారం రోజులు గుమ్మం దగ్గరే మొరాయిస్తాయి. మధ్య పట్టీ ఒకటి పైకి కట్టి ఉంచితే దూరతాయి, ఆ వారం పట్టీ సందులోంచి పోయే వేడిని భరించాల్సిందే.