1896 నమూనా స్వీడిష్ బాయొనెట్: కొన్న తరువాత నా అభిప్రాయం

స్టాక్‌హోమ్‌లోని ఒక పాత వస్తువుల దుకాణంలో నేను కొన్న 1896 నమూనా స్వీడిష్ బాయొనెట్ (తుపాకీ గొట్టం చివర బిగించే కత్తి), 6.5 మిల్లీమీటర్ల తూటాలు పేల్చే మౌజర్ రైఫిల్ కోసం తయారైనది. సుమారు 21 సెంటీమీటర్ల దాని అలుగు ఇప్పటికీ తుప్పు లేకుండా మెరుస్తోంది. కర్ర గానీ తోలు గానీ వాడకుండా, పిడిని పూర్తిగా ఉక్కు గొట్టంలా మలచి, చేతిపట్టు జారకుండా దానిపై సన్నని గళ్ళ గరుకు చెక్కిన పనితనం నన్ను అన్నిటికన్నా ఆకట్టుకుంది. అలుగు మొదట్లోని కిరీటం ముద్ర సైనిక తనిఖీకీ, లంగరు ముద్ర స్వీడన్ పట్టణమైన ఎస్కిల్‌స్టూనాలోని తయారీ సంస్థకూ గుర్తులు. అయితే, బాయొనెట్ మీదా ఒర మీదా రెజిమెంటు సంఖ్యలు ఒకటేనని దుకాణదారు చెప్పినప్పటికీ, ఇంటికి తెచ్చి భూతద్దంతో చూస్తే అవి వేరువేరుగా ఉన్నాయి. సేకరణ చేసేవారికి ఇది చిన్న లోపం కాదు. ధర అందుకు తగినట్టు తగ్గవలసింది.