మా అమ్మాయికి వచ్చిన పీఎం స్కాలర్‌షిప్ గురించి

సైన్యంలో పదిహేడేళ్ల సర్వీసు చేసి హవల్దార్‌గా బయటికొచ్చాను. పెన్షన్‌తో ఇల్లు గడుస్తుంది, ఇంజనీరింగ్ చదువు గడవదు. అందుకే మా అమ్మాయి బీటెక్‌లో చేరిన ఏడాదే మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్రీయ సైనిక్ బోర్డు వారి ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టాం. రెండుసార్లు అందుకున్నాం. మావాళ్లు చాలామంది అడుగుతున్నారని రాస్తున్నా.

ఆడపిల్లకి నెలకు 3,000, మగపిల్లాడికి 2,500 రూపాయలు. 2019లో పెంచిన రేట్లివి, అంతకుముందు 2,250, 2,000 ఉండేవి. నెలనెలా రాదు. ఏడాది మొత్తం, అంటే 36,000, ఒకేసారి పిల్ల ఖాతాలోనే పడుతుంది. కాలేజీ ఫీజుకి చాలదు, కాని మొదటి ఏడాది ల్యాప్‌టాప్ దాంతోనే కొన్నాం. పెట్టె విప్పుతూ "ఇది నీ యూనిఫాం కొనిపెట్టింది నాన్నా" అంది. రెండో ఏడాది హాస్టల్ మెస్ బిల్లులకి సరిపోయింది.

ఏటా 5,500 మందికి ఇస్తారు, అందులో సగం ఆడపిల్లలకే. ఇంటర్‌లో 60 శాతం ఉంటే పెట్టుకోవచ్చు. అంతమాత్రాన వచ్చేస్తుందని మాత్రం అనుకోకండి. పోరులో ప్రాణాలిచ్చినవాళ్ల పిల్లలకి ముందు, మాలా మామూలుగా రిటైరైనవాళ్ల పిల్లలకి చివర్లో. అదే సబబు. మా పిల్లకి 90 శాతం దాటింది కాబట్టి దొరికింది.

నన్ను ఏడిపించింది కాగితాలు. సర్వీసు ముగిశాక సైన్యం ఇచ్చే డిశ్చార్జ్ బుక్‌లో అమ్మాయి పుట్టినతేదీ 16కి బదులు 10 అని పడింది. నీలం సిరాతో గుండ్రంగా రాసిన ఆ సున్నాని రిటైరైన రోజు నేనూ చూసుకోలేదు. టెన్త్ మెమోలో 16 ఉంది. బర్త్ సర్టిఫికెట్ జతచేసి మా సర్వీసు వివరాలుండే సైన్యం రికార్డ్ ఆఫీసుకి రాసి, సవరణ తెప్పించుకునేసరికి ఏడు వారాలు పట్టింది. గడువు ఇంకో నాలుగు రోజులుందనగా అప్‌లోడ్ చేశాం. సర్వీసులో ఉన్న తమ్ముళ్లూ, పిల్లల పేర్లూ తేదీలూ ఇవాళే సరిచూసుకోండి. పిల్ల అక్కడే చదువుతోందని కాలేజీ ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్ కూడా బోర్డు ఇచ్చిన నమూనాలోనే ఉండాలి. మా కాలేజీ వాళ్లు తమ లెటర్‌హెడ్ మీద రాసిస్తే మళ్లీ వెళ్లి మార్పించుకొచ్చాను. జిరాక్సులు పనికిరావు, ఒరిజినల్సే స్కాన్ చేయాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సంతకం కోసం వెళ్లేటప్పుడు ఒరిజినల్స్ అన్నీ పట్టుకెళ్లండి.

నాకు నచ్చనిది ఒకటుంది. పీజీలో ఎంబీఏ, ఎంసీఏలకి తప్ప ఇవ్వరు. ఎమ్మెస్సీ చదివే సిపాయి కూతురు ఏం తప్పు చేసింది? ఆ నిబంధన మార్చాలి. దూరవిద్యకీ, విదేశీ చదువులకీ కూడా లేదు.

రెన్యువల్‌కి ఏటా 50 శాతం మార్కులు రావాలి. మూడోసారికి మా అమ్మాయి మెమో స్కాన్ చేసి సిద్ధంగా పెట్టింది. ఈసారి తేదీలన్నీ తనే రెండుసార్లు చదివి, నాకూ చదివి వినిపించింది.